సిగ్నల్ లేని చోట దారి ఎలా: ఆఫ్‌రోడ్‌కి మ్యాప్, యాప్, జీపీఎస్ డివైస్ ఎంచుకునే పూర్తి గైడ్

ఆఫ్‌రోడ్‌కి ఏ జీపీఎస్ కొనాలి అని చాలామంది అడుగుతారు, కానీ దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుందండీ, మనం వెళ్ళే ఏరియాకి సరైన మ్యాప్ ఎక్కడ దొరుకుతుంది అని. డివైస్ చేసేది ఒకటే పని, మీరు ఇదిగో ఇక్కడున్నారు అని ఒక చుక్క చూపిస్తుంది, ఆ పని ఇప్పుడొచ్చే మామూలు ఫోన్ కూడా బాగానే చేస్తుంది. ఆ చుక్క చుట్టూ ఏముంది, ఈ బాట అవతలి రోడ్డుకి కలుస్తుందా మధ్యలో ఆగిపోతుందా, వాగులోకి బండి దిగే చోటుందా, ముందున్న గుట్ట ఎంత నిటారుగా ఉంది, ఇవన్నీ చెప్పేది మ్యాపే. ఖరీదైన డివైస్‌లో పనికిరాని మ్యాప్ పెట్టుకుని తిరిగే కన్నా పాత ఫోన్‌లో మంచి మ్యాప్ వేసుకోవడం చాలా నయం. అందుకే ఈ గైడ్ కూడా అదే వరసలో రాస్తున్నా, ముందు మ్యాప్, తర్వాత యాప్, ఆ తర్వాతే డివైస్.

స్టెప్ 1: జీపీఎస్ వేరు, ఇంటర్నెట్ వేరు అని మనసులో పెట్టుకోండి

నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు అనే అపోహ ఇంకా చాలామందిలో ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ సిగ్నల్ పంపుతుంటాయి, మన ఫోన్ దాన్ని వింటుంది, అంతే, తిరిగి ఏమీ పంపదు. సిమ్ లేకపోయినా, ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా ఇప్పటి ఫోన్లలో లొకేషన్ వస్తుంది. నెట్ లేనప్పుడు పోయేది లొకేషన్ కాదు, దాని కింద కనిపించాల్సిన మ్యాప్ బొమ్మ.

ఒక్క తేడా మాత్రం ఉంటుంది. నెట్ ఉన్నప్పుడు ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఆ వివరాలు ఫోన్ నెట్ నుంచే తెచ్చేసుకుంటుంది, కాబట్టి క్షణాల్లో లొకేషన్ పట్టేస్తుంది. నెట్ లేకపోతే అదే సమాచారం ఉపగ్రహం నుంచే రావాలి, అది సెకనుకి 50 బిట్ల నత్తనడకన వస్తుంది, ఒక్కో ఉపగ్రహం తన వివరాలు చెప్పుకోడానికే అర నిమిషం దాకా పడుతుంది. అందుకని ఫోన్ ఆన్ చేసి లొకేషన్ రాలేదని కంగారు పడి ఆఫ్ చేసి ఆన్ చేసి అలా చేస్తూ కూర్చోకుండా, ఆకాశం బాగా కనిపించే చోట బండి ఆపి రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉంచండి, దానంతట అదే వస్తుంది.

స్పెసిఫికేషన్లలో జీపీఎస్‌తో పాటు గ్లోనాస్, గెలీలియో, బైదూ అని కూడా రాసి ఉంటాయి. ఇవి వరసగా రష్యా, యూరప్, చైనా వాళ్ళ ఉపగ్రహ వ్యవస్థలు, ఎన్ని ఎక్కువ పడితే లోయల్లో, దట్టమైన చెట్ల కింద అంత ఉపయోగం. వీటికన్నా నేను ముఖ్యంగా చూడమనేది డ్యూయల్ ఫ్రీక్వెన్సీ, అంటే ఉపగ్రహం పంపే ఎల్1 అనే ఫ్రీక్వెన్సీతో పాటు ఎల్5 అనే ఇంకో ఫ్రీక్వెన్సీ కూడా పట్టడం. కొండ గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే సిగ్నల్ వల్ల చుక్క పక్క గుట్ట మీదకి దూకేస్తుంటుంది కదా, అది దీంతో బాగా తగ్గుతుంది. 2018లో షావోమీ ఎంఐ 8తో ఫోన్లలోకి వచ్చింది, ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. అలాగని మైదానంలో తిరిగేవాళ్ళు దీని కోసం ఫోన్ మార్చక్కర్లేదు, ఆకాశం తెరిపిగా ఉంటే మామూలు ఫోన్ కూడా సుమారు 5 మీటర్ల లోపు చూపిస్తుంది, బండి బాట పట్టుకోడానికి అది చాలు.

స్టెప్ 2: మీ ప్రయాణం ఎలాంటిదో రాసుకోండి

కాగితం మీద రాసుకోమనే చెప్తున్నా. ఏ బండి, కారా బైకా సైకిలా. సిగ్నల్ లేకుండా ఎన్ని గంటలు, ఎన్ని రోజులు. బండి నుంచి చార్జింగ్ వస్తుందా రాదా. పక్కన మ్యాప్ చూసే మనిషి ఉంటాడా లేక నడుపుతూ మీరే చూసుకోవాలా. వాన, దుమ్ము, వాగులు ఎంత. బండి వదిలేసి నడవాల్సి వచ్చే అవకాశం ఉందా. ఈ చివరి ప్రశ్న చాలామంది వేసుకోరు, కానీ ఆఫ్‌రోడ్‌లో బండి ఇరుక్కుపోయినా ఆగిపోయినా నడిచి బయటికి రావాల్సింది మనమే, అప్పుడు డ్యాష్‌బోర్డుకి బిగించిన స్క్రీన్ ఎందుకూ పనికిరాదు. చేతిలో పట్టుకెళ్ళగలిగేది ఏదో ఒకటి ఉండి తీరాలి.

స్టెప్ 3: ఆ ఏరియాకి మ్యాప్ ఎంత బాగుందో ఇంట్లోనే చూడండి

ఆఫ్‌లైన్ యాప్‌లలో ఎక్కువ భాగం వాడేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా. 2004లో మొదలైంది, జనమే గీస్తారు, ఎవరైనా వాడుకోవచ్చు. దీని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి, ఓపికున్న మనిషి ఒకరు తిరిగిన చోట చిన్న కాలిబాట కూడా ఉంటుంది, ఎవరూ తిరగని చోట పెద్ద మట్టిరోడ్డు కూడా ఉండదు. కాబట్టి ఫలానా యాప్ బెస్ట్ అని ఎవరో చెప్పారని ఫిక్స్ అయిపోకండి, మీ ఏరియా ఓపెన్ చేసి చూడండి.

చూడటం అంటే ఇలా. కంప్యూటర్లో ఒక పక్క శాటిలైట్ ఫోటో, ఇంకో పక్క ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పెట్టుకుని, మీరు వెళ్ళాలనుకునే దారిలో ఒక పది కిలోమీటర్ల ముక్క తీస్కోండి. ఫోటోలో కనిపించే బాటలు మ్యాప్‌లో ఉన్నాయా, మలుపులు కలుస్తున్నాయా, వాగు దగ్గర బాట గీత ఆగిపోయిందా దాటిందా చూడండి. తర్వాత ఆ గీత మీద క్లిక్ చేసి వివరాలు చదవండి, ట్రాక్‌టైప్ అని గ్రేడ్1 నుంచి గ్రేడ్5 దాకా ఉంటుంది, 1 అంటే గట్టి నేల, 5 అంటే మెత్తటి మట్టి, గడ్డి, గుర్తే సరిగ్గా కనపడని బాట. సర్ఫేస్ అనే చోట కంకరా ఇసుకా బురదా అని రాసి ఉంటుంది, ఫోర్డ్ అని ఉంటే బ్రిడ్జి లేదు, నీళ్ళలోంచే దాటాలి అని. ఈ వివరాలు రాసి ఉన్నాయంటే ఆ బాటని ఎవరో శ్రద్ధగా చూసి గీశారని అర్థం, ఉత్త గీత మాత్రమే ఉంటే ఫోటో చూసి గీసి ఉండొచ్చు, దాన్ని సగమే నమ్మండి.

ఎత్తుపల్లాల సంగతి వేరు. చాలా యాప్‌లలో కనిపించే కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు, 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజుల పాటు రాడార్‌తో కొలిచిన డేటా నుంచి వచ్చినవే. అందులో ఒక్కో కొలత సుమారు 30 మీటర్లకి ఒకటి. అంటే పెద్ద గుట్ట వాలు బాగా తెలుస్తుంది కానీ బాటకి అడ్డంగా మూడు మీటర్ల లోతున తెగిపోయిన గండి మాత్రం మ్యాప్‌లో కనపడదు. కాంటూర్లు దూరంగా ఉన్నాయి కదా ఫ్లాట్‌గానే ఉంటుంది అనుకుని స్పీడుగా పోవడానికి లేదు.

మీరు వెళ్ళే దేశంలో ప్రభుత్వ సర్వే వాళ్ళ టోపోగ్రఫిక్ మ్యాప్‌లు (ఎత్తుపల్లాలు చూపించేవి, టోపో అంటారు) దొరికితే అవి కూడా తీస్కోండి. పాతవే అయినా కొండలు, వాగులు, ఊళ్ళ పేర్లు వాటిలో నమ్మకంగా ఉంటాయి.

స్టెప్ 4: యాప్ ఎంచుకోవడం

ముందు గూగుల్ మ్యాప్స్ గురించి, ఎందుకంటే అందరి ఫోన్లో అదే ఉంటుంది. ఆఫ్‌లైన్ ఏరియా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఊరి నుంచి ట్రాక్ మొదలయ్యే దాకా వెళ్ళడానికి బావుంటుంది. కానీ శాటిలైట్ ఫోటో ఆఫ్‌లైన్‌లో రాదు, నడక దారి చూపించదు, అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే కొన్నాళ్ళకి డౌన్‌లోడ్ చేసిన మ్యాప్ ఎక్స్‌పైర్ అయిపోతుంది. మట్టి బాటలకి దాని మీద ఆధారపడొద్దు.

ఓస్మాండ్ నా మొదటి ఛాయిస్. ఫ్రీ వెర్షన్‌లో డౌన్‌లోడ్లకి లిమిట్ ఉంటుంది, కాంటూర్లు కావాలంటే డబ్బులు కట్టాలి, పైగా మొదటిసారి తెరిస్తే సెట్టింగ్స్ చూసి తల తిరుగుతుంది, అది నిజమే. అయినా ఎందుకు చెప్తున్నానంటే ఆఫ్‌రోడ్‌కి విడిగా మ్యాప్ స్టైల్ ఉంది, రోడ్డు సర్ఫేస్ రంగుల్లో చూపించే ఆప్షన్ ఉంది, ఒక పూట కూర్చుని నేర్చుకుంటే ఇంతకంటే ఎక్కువ చెప్పే ఆఫ్‌లైన్ యాప్ దొరకడం కష్టం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, రూట్ సెట్టింగ్స్‌లో మట్టిరోడ్లు వద్దు అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే మీకు కావాల్సిన బాటనే వదిలేసి చుట్టూ తిప్పి తీసుకెళ్తుంది, ముందే చూస్కోండి.

ఆర్గానిక్ మ్యాప్స్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఫ్రీ, యాడ్స్ లేవు, తేలిగ్గా ఉంటుంది, పాత ఫోన్లో కూడా చకచకా పనిచేస్తుంది. బాట వివరాలు తక్కువ చూపిస్తుంది. బ్యాకప్ యాప్‌గా ఇది ప్రతి ఫోన్లో ఉండాలని నా అభిప్రాయం, ముఖ్యంగా బండిలో మీతో వచ్చేవాళ్ళ ఫోన్లో, ఎందుకంటే వాళ్ళకి ఏమీ నేర్పక్కర్లేదు.

గయా జీపీఎస్ బలం లేయర్లు, టోపో మ్యాప్ మీద శాటిలైట్ ఫోటో వేసి చూసుకోవచ్చు, ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్‌కి సబ్‌స్క్రిప్షన్ కావాలి. ఆన్‌ఎక్స్ ఆఫ్‌రోడ్ అనేది ఉత్తర అమెరికా వాళ్ళ కోసం తయారైంది, అక్కడ తిరిగేవాళ్ళకి ఏ నేల ఎవరిది, ఏ ట్రాక్ ఎప్పుడు తెరిచి ఉంటుంది అనేది బాగా చూపిస్తుంది, మిగతా చోట్ల ఉండేవాళ్ళకి దండగ. ఆండ్రాయిడ్‌లో మ్యాప్ ఫైళ్ళు సొంతంగా వేసుకునే అలవాటున్నవాళ్ళు లోకస్ మ్యాప్ చూడండి.

ఏ యాప్ అయినా నాలుగు పనులు నెట్ లేకుండా చేయాలి: జీపీఎక్స్ ఫైల్ (దారిని దాచి ఒకరికొకరు పంపుకునే ఫైల్) తెరవాలి, మీరు వెళ్ళిన దారి రికార్డు చేయాలి, పిన్ పెట్టుకోనివ్వాలి, ఆ రికార్డుని ఫైల్‌గా బయటికి ఇవ్వాలి. చివరిది లేకపోతే రేపు యాప్ మూసేసినా, సబ్‌స్క్రిప్షన్ ఆపేసినా మీ దారులన్నీ దాంట్లోనే ఉండిపోతాయి.

స్టెప్ 5: ఇప్పుడు డివైస్

కారులో వెళ్ళేవాళ్ళకి ఒక ఫోన్, ఒక టాబ్లెట్ చాలావరకు సరిపోతాయి. టాబ్లెట్ కొనేటప్పుడు ఒక్క విషయం మర్చిపోవద్దు, వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్పే ఉండదు, సెల్యులార్ మోడల్‌లోనే ఉంటుంది, సిమ్ వేయకపోయినా పర్లేదు కానీ మోడల్ అదే కావాలి. ఇప్పటికే వైఫై ఐప్యాడ్ ఉంటే గార్మిన్ గ్లో 2 లాంటి బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ తగిలిస్తే పనవుతుంది.

బైక్ మీద ఫోన్ పెట్టేవాళ్ళు కాస్త ఆగండి. ఎక్కువ పవర్ ఇంజిన్ల వైబ్రేషన్ వల్ల కెమెరాలోని స్టెబిలైజేషన్ పాడవ్వొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. రోజూ వాడే ఫోన్ కాకుండా డ్రాయర్లో పడి ఉన్న పాత ఫోన్ ఒకటి తీసి నావిగేషన్‌కే కేటాయించండి, వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి. లేదంటే గార్మిన్ జూమో ఎక్స్‌టీ లాంటి బైక్ కోసమే చేసినవి ఉన్నాయి, గ్లవ్స్‌తో పనిచేస్తాయి, వానకి తట్టుకుంటాయి, ఎండలో స్క్రీన్ కనిపిస్తుంది. బైక్ మీద తరచూ దూరాలు వెళ్ళేవాళ్ళకి ఆ డబ్బు వృథా కాదనే అంటాను. కారుకైతే అదే కంపెనీ ట్రెడ్ మోడల్స్ ఉన్నాయి, కానీ కారులో మంచి టాబ్లెట్‌కి, వాటికి ఉన్న తేడా అంత ధరకి తగ్గది అని నాకు అనిపించదు.

చేతిలో పట్టుకునే హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ మాత్రం వేరే జాతి. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్ రెండు ఏఏ సెల్స్‌తో 25 గంటల దాకా నడుస్తాయని కంపెనీ లెక్క, జీపీఎస్‌మ్యాప్ 67 అయితే ఒక్క చార్జింగ్‌తో 180 గంటలు అంటారు, డ్యూయల్ ఫ్రీక్వెన్సీ కూడా ఉంది. స్క్రీన్ చిన్నది, నెమ్మది, ఫోన్ అలవాటైనవాళ్ళకి చిరాకేస్తుంది, అయితే నడి ఎండలో వెలుగు పడే కొద్దీ ఇంకా స్పష్టంగా కనిపించే స్క్రీన్ ఇది. బండి వదిలి నడవాల్సి వస్తే పనికొచ్చేది ఇదే. కొనేముందు దానిలో మ్యాప్ ఉందో లేదో అడగండి, ఈట్రెక్స్ పేరుతోనే మ్యాప్ చూపించని మోడల్స్ కూడా ఉన్నాయి. మెమరీ కార్డు స్లాట్ ఉన్న మోడల్ అయితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన ఫ్రీ మ్యాప్‌లు కార్డులో కాపీ చేసి వాడుకోవచ్చు.

నీళ్ళు, దుమ్ము ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్ ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని. అందులో ఎక్స్ ఉన్న చోట దుమ్ము రేటింగ్ ఉండాలి, ఎక్స్ అంటే దుమ్ముకి టెస్ట్ చేసిన సంగతి చెప్పలేదు అని. ఇసుక నేలల్లో తిరిగేవాళ్ళు ఐపీ67 లాంటిది వెతకండి.

స్టెప్ 6: కరెంటు, మౌంటు, వేడి

నావిగేషన్ ఆగిపోయేది ఎక్కువగా ఉపగ్రహాల వల్ల కాదు, చార్జింగ్ కేబుల్ వల్ల. గతుకుల్లో కేబుల్ ఊగి ఊగి పోర్టు వదులైపోతుంది, చార్జింగ్ అవుతోందిలే అనుకుని మనం చూస్కోం. కేబుల్‌ని మౌంటు దగ్గరే ఒక టైతో బిగించండి, అప్పుడు లాగుడు పోర్టు మీద పడదు. స్పేర్ కేబుల్ తప్పనిసరి. స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఉంటే పాత తరం చార్జర్ ఇచ్చే పవర్ సరిపోక ప్లగ్గులో ఉండగానే బ్యాటరీ తగ్గుతూ పోతుంది, కాబట్టి ఫాస్ట్ చార్జర్ వాడండి.

ఎండలో అద్దం వెనకాల ఫోన్ పెడితే అది వేడెక్కి ముందు వెలుగు తగ్గిస్తుంది, తర్వాత చార్జింగ్ ఆపేస్తుంది, చివరికి ఆగిపోతుంది. ఐఫోన్‌కి ఆపిల్ చెప్పే హద్దు చుట్టూ గాలి 35 డిగ్రీల వరకే. ఏసీ గాలి తగిలే చోట మౌంటు పెట్టి, మందపాటి కేసు తీసేయండి. సక్షన్ కప్పు మౌంట్లు గతుకుల్లో ఊడిపోతాయి, స్క్రూలతో బిగించే బాల్ మౌంట్ ఒక్కసారి కొంటే ఏళ్ళు వస్తుంది.

స్టెప్ 7: డౌన్‌లోడ్, ఆ తర్వాత ఫ్లైట్ మోడ్ పరీక్ష

వెక్టర్ మ్యాప్ అంటే గీతలు, పేర్లుగా దాచేది, ఒక పెద్ద ప్రాంతం మొత్తం కొద్ది వందల ఎంబీల్లో వచ్చేస్తుంది. శాటిలైట్ ఫోటో అలా కాదు, ఒక్కో జూమ్ లెవెల్ పెంచినప్పుడల్లా ముక్కలు నాలుగింతలవుతాయి, 12వ లెవెల్‌లో ఒక్క ముక్క ఉన్న చోట 16కి వచ్చేసరికి 256 ముక్కలు, 17కి 1024. అందుకని వెక్టర్ మ్యాప్ మొత్తం ప్రాంతానికి, ఫోటో మాత్రం మీ రూటుకి రెండు పక్కలా కొన్ని కిలోమీటర్లకి, అలా తీస్కోండి. అనుకున్న దారి మూసుకుపోతే ఇంకోటి వెతుక్కోవాలి కాబట్టి మరీ సన్నగా మాత్రం కత్తిరించొద్దు.

డౌన్‌లోడ్ అయింది కదా అని వదిలేయకండి. ఫ్లైట్ మోడ్ ఆన్ చేయండి, వైఫై కూడా ఆఫ్ అయిందో లేదో చూడండి, ఫోన్ రీస్టార్ట్ చేయండి. ఇప్పుడు యాప్ తెరిచి మీరు ఇంతకుముందు చూడని మూలకి వెళ్ళి ఫుల్‌గా జూమ్ చేయండి, ఎందుకంటే ముందు చూసిన చోట్లు ఫోన్ మెమరీలో ఉండిపోయి డౌన్‌లోడ్ కాకపోయినా కనిపిస్తాయి, అక్కడే మోసపోతాం. ఒక ఊరి పేరు సెర్చ్ చేయండి, ఆ ఊరికి రూట్ వేయమనండి, బయటికెళ్ళి ఒక పావుగంట నడుస్తూ స్క్రీన్ ఆఫ్ చేసి ట్రాక్ రికార్డు చేయండి. తిరిగొచ్చి చూస్తే గీత మధ్యలో తెగిపోయి ఉంటే ఫోన్ బ్యాటరీ సేవర్ యాప్‌ని ఆపేసిందని అర్థం, సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేసి, లొకేషన్ ఎప్పుడూ ఆన్ అని పెట్టండి. పాస్‌వర్డ్ అడిగే సబ్‌స్క్రిప్షన్ యాప్‌లో ముందే లాగిన్ అయి ఉండండి.

స్టెప్ 8: రూట్ ఫైల్, కోఆర్డినేట్లు

జీపీఎక్స్ ఫైల్లో ట్రాక్ వేరు, రూట్ వేరు. ట్రాక్ అంటే నిజంగా వెళ్ళిన దారి చుక్కచుక్కగా, డివైస్ దాన్ని మార్చదు. రూట్ అంటే కొన్ని పాయింట్లే, మధ్య దారిని డివైస్ తన లెక్కతో తనే వేసుకుంటుంది, అప్పుడు మీ స్నేహితుడు ఇచ్చిన దారి ఒకటి, మీ స్క్రీన్ మీద వచ్చింది ఇంకోటి అవుతుంది. ఆఫ్‌రోడ్‌కి ట్రాకే అడిగి తీస్కోండి.

కోఆర్డినేట్లు, అంటే ఒక చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు, ఎవరైనా నోటితో చెప్తే ఏ పద్ధతిలో చెప్తున్నారో అడగండి. 24 డిగ్రీల 30 నిమిషాలు అంటే డెసిమల్‌లో 24.5, దాన్ని 24.30 అని కొడితే ఉత్తర దక్షిణాల్లో దాదాపు 22 కిలోమీటర్లు తేడా వస్తుంది. సాయం కోసం పిలిచినప్పుడు ఈ తప్పు జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. గ్రూపులో అందరి ఫోన్లలో డెసిమల్ డిగ్రీలే పెట్టించండి.

స్టెప్ 9: ట్రాక్ మీద

బయల్దేరిన వెంటనే రికార్డింగ్ ఆన్ చేయండి, వెనక్కి రావాల్సి వస్తే వచ్చిన దారే అన్నిటికన్నా నమ్మకమైన మ్యాప్. వంతెన, గేటు, నీళ్ళు దొరికే చోటు, బండి తిప్పుకునే వీలున్న ఖాళీ స్థలం, ఇవి కనిపించిన చోటల్లా పిన్ పెట్టండి, ముఖ్యంగా తిప్పుకునే చోటు. బండి ఆగి ఉన్నప్పుడు బాణం ఎటు చూపిస్తే అటు నమ్మకండి, జీపీఎస్‌కి దిక్కు తెలిసేది కదిలినప్పుడే, ఆగినప్పుడు ఫోన్ తన దిక్సూచిని వాడుతుంది, దాన్ని బండి ఇనుము, అయస్కాంతం మౌంటు పక్కదారి పట్టిస్తాయి. కొన్ని అడుగులు నడిచి చూడండి.

స్క్రీన్ మీద బాట ఉంది, ఎదురుగా లేదు అంటే ఎదురుగా ఉన్నదే నిజం. అమెరికాలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్క్ వాళ్ళు మారుమూల దారులకి జీపీఎస్‌ని నమ్మొద్దని వచ్చేవాళ్ళని హెచ్చరిస్తూనే ఉంటారు, అక్కడ ఎప్పుడో మూతపడ్డ బాటల్లోకి స్క్రీన్ చెప్పిందని వెళ్ళి ప్రాణాల మీదకి తెచ్చుకున్నవాళ్ళున్నారు. బాట పలచబడుతూ, చక్రాల గుర్తులు తగ్గుతూ వస్తుంటే అక్కడే దిగి, ముందు ఒక ఫర్లాంగు నడిచి చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

కాగితం మ్యాపు, దిక్సూచి ఒక జిప్ కవర్లో పెట్టుకోండి. వాడటం ఒకసారి ఇంట్లో ప్రాక్టీస్ చేయండి.

స్టెప్ 10: సాయం పిలిచే దారి

నావిగేషన్ డివైస్ మనకి దారి చెప్తుంది కానీ మనం ఎక్కడున్నామో ఇంకొకరికి చెప్పదు. దానికి విడిగా శాటిలైట్ మెసెంజర్ కావాలి. గార్మిన్ ఇన్‌రీచ్ ఇరిడియం అనే ఉపగ్రహ నెట్‌వర్క్ మీద పనిచేస్తుంది, మెసేజ్ పంపొచ్చు, అందుకోవచ్చు, సబ్‌స్క్రిప్షన్ ఉంటుంది. పర్సనల్ లొకేటర్ బీకన్‌కి నెలనెలా కట్టేది ఏమీ లేదు, 406 మెగాహెర్ట్జ్ మీద రెస్క్యూ వాళ్ళకి సిగ్నల్ వెళ్తుంది, అయితే కబుర్లు పంపుకోవడం కుదరదు, ముందే మీ పేరు మీద రిజిస్టర్ చేయించాలి. ఐఫోన్ 14 నుంచి శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది, కానీ కొన్ని దేశాల్లోనే. ఏది కొన్నా మీరు వెళ్ళే దేశంలో అది లీగలా కాదా అని ముందే కనుక్కోండి, కొన్ని దేశాల్లో పర్మిషన్ లేకుండా శాటిలైట్ కమ్యూనికేటర్ దగ్గరుంటేనే అరెస్టు చేస్తారు. డివైస్ ఉన్నా లేకపోయినా, ఏ దారిన వెళ్తున్నారో ఆ జీపీఎక్స్ ఫైల్, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో ఆ టైం, ఆ టైంకి చేయకపోతే ఎవరిని పిలవాలో, ఈ మూడూ ఇంట్లో ఒకరి దగ్గర ఉంచి బయల్దేరండి.

తిరిగొచ్చాక

రికార్డు చేసిన ట్రాక్‌ని ఫైల్‌గా తీసి, తేదీ, వాతావరణం, ఏ బండి, ఎక్కడ కష్టమైంది అని రెండు లైన్లు రాసి దాచండి, ఎండాకాలంలో తేలిగ్గా దాటిన బాట వానల్లో అదే బాట కాదు. మ్యాప్‌లో ఉన్నదానికి, మీరు చూసినదానికి తేడా ఉంటే, బాట కొట్టుకుపోయింది, గేటు పడింది, వంతెన వచ్చింది, ఏదైనా సరే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ చోట ఒక నోట్ పెట్టండి, ఐదు నిమిషాల పని, మీ తర్వాత అదే దారిన వెళ్ళేవాళ్ళకి అది ఎంత పెద్ద సాయమో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ట్రాక్‌నే పబ్లిక్‌లో పెట్టేట్టయితే మాత్రం మీ ఇంటి గుమ్మం దగ్గర మొదలైన ముక్క కత్తిరించి పెట్టండి, జీపీఎక్స్ ఫైల్లో టైం కూడా ఉంటుంది, మీరు ఏ రోజు ఎన్నింటికి ఇల్లు వదిలి వెళ్ళారో అందరికీ తెలియక్కర్లేదు.